కుటుంబం నడిపే వైరింగు, ప్లంబింగు కాంట్రాక్టులో పనివారి కష్టసుఖాలను యజమాని ఎంతవరకు చూడాలి?

విజయవాడ నుంచి ఒక కాంట్రాక్టరు:
మా నాన్నగారు మొదలుపెట్టిన ఎలక్ట్రికల్, ప్లంబింగు కాంట్రాక్టును ఇప్పుడు అన్నయ్య, నేను చూసుకుంటున్నాము. సైట్లను మా బావగారు పర్యవేక్షిస్తారు. పనివారు పన్నెండు మంది. వారి ఇంట్లో పెళ్లి అన్నా, ఆసుపత్రి ఖర్చు అన్నా నాన్నగారు కాగితం లేకుండానే అడ్వాన్సు ఇస్తారు. పాత బాకీలు పేరుకుపోయాయి కనుక దీనిని ఆపాలని అన్నయ్య, మనిషి కష్టం పట్టనివాడు పని చేయించుకోలేడని నాన్నగారు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

వరంగల్ నుంచి ప్లంబింగు కాంట్రాక్టరు:
నేను నాన్నగారి పక్షం. టైల్స్ వేశాక కూడా గోడలోపల పైపు ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పగలవాడు, పైపుల్లో నీటిని ఒత్తిడితో నింపి లీకు చూసే ప్రెషర్ టెస్టు చేయనిదే ప్లాస్టరింగుకు ఒప్పుకోనివాడు చేజారితే, కొద్ది నెలల్లోనే కింది ఫ్లాటు పైకప్పుకు చెమ్మ దిగుతుంది. కూలి కొంత ఎక్కువ ఇస్తామన్నా అటువంటివాడు మరోచోటికి వెళ్లడు, ఎందుకంటే ఆపదలో తలుపు తట్టడానికి అతనికి ఒక ఇల్లు ఉన్నది.

కూకట్‌పల్లి నుంచి వైర్‌మన్:
వెళ్లకపోవడం వేరు, వెళ్లలేకపోవడం వేరు. యజమాని జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లెక్క లేని అడ్వాన్సు, పనివాడు మానేస్తానన్న రోజున 'బాకీ తీర్చి కదులు' అనే మాటగా మారుతుంది. అప్పు కారణంగా మరోచోట పనిచేసుకునే స్వేచ్ఛను పోగొట్టుకోవడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టిగానే లెక్కిస్తుందన్న సంగతి మన కాంట్రాక్టర్లలో ఎందరికి గుర్తుంటుందో! ఇంకొక మాట కూడా చెప్పాలి. కుటుంబ సంస్థల్లో కనికరం ముందు బంధువులకే అందుతుంది. సైటుకు ఆలస్యంగా వచ్చిన హెల్పరుకు అరపూట కూలి కోస్తారు. అంతకన్నా ఆలస్యంగా వచ్చిన ఇంటి అల్లుణ్ణి మాత్రం, అల్లుడు కనుక, మామగారు పల్లెత్తు మాట అనరు. ఆ కోతను, ఆ మౌనాన్ని పక్కపక్కన చూసే పనివాళ్లకు మీ అడ్వాన్సు దయగా కనిపించదు.

విశాఖపట్నం నుంచి ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. బిడ్డను ఆసుపత్రిలో ఉంచి రాత్రంతా నిద్రలేకుండా వచ్చినవాణ్ణి నిచ్చెన ఎక్కించకపోవడం, మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి నిర్ధారించుకునేవరకు ఎవరినీ తీగ ముట్టనివ్వకపోవడం, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని ఇంటివారు తొందరపెట్టినా ఆ నియమాన్ని సడలించకపోవడం మా పనిలో సానుభూతికి మొదటి మెట్టు. ఇక, పన్నెండు మంది ఉన్నారన్నారు కదా, పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థకు ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి మీరు కట్టవలసింది 3.25 శాతం, వారి వాటా 0.75 శాతం. కుటుంబానికి వైద్యం అందుతుంది, తానే జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. అప్పుడు ఆసుపత్రి ఖర్చుకోసం మీ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం చాలావరకు తీరుతుంది.

వరంగల్ నుంచి ప్లంబింగు కాంట్రాక్టరు:
ఈఎస్ఐ సంగతి ఒప్పుకుంటాను. అయితే కూతురి పెళ్లికి ఏ పథకమూ అర్ధరాత్రి డబ్బు సర్దదు. నిచ్చెన ఎక్కించకుండా ఇంటికి పంపినవాడి ఆ రోజు కూలి ఎవరు భరించాలో కూడా చెప్పండి.

విశాఖపట్నం నుంచి ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు:
యజమానే భరించాలి. కూలి పోతుందంటే అతను నిద్రలేదన్న మాట దాచిపెట్టి నిచ్చెన ఎక్కుతాడు.

విజయవాడ నుంచి ఒక కాంట్రాక్టరు:
అడ్వాన్సులు ఆపము. ప్రతిదీ పుస్తకంలో రాసి, నకలు పనివాడి చేతికిచ్చి, బాకీ ఉన్నా మానేసి వెళ్లవచ్చని అందులోనే రాస్తాము. దీనికి అన్నయ్య కూడా సరేనన్నాడు. బావగారి ఆలస్యం గురించి ఇంట్లో ఎవరు నోరు విప్పాలన్నది ఇంకా తేలలేదు.