గండిపేట, దుర్గం చెరువు, అమీన్‌పూర్: ఏడాదంతా వెళ్లడానికి ఏది నయం?

ప్రశ్న (హైదరాబాద్ మెహదీపట్నం నుంచి)
ఆదివారం పొద్దున నడక, ఎనిమిదేళ్ల పాపకు పిట్టల్ని చూపించడం, అంతే మా పని. అమ్మానాన్నలకు డెబ్భై దాటాయి, వాళ్లూ వస్తారు. ప్రతిసారీ కొత్త చోటు వెతుక్కోకుండా ఒక్క చెరువే పట్టుకుంటే అన్ని కాలాలకూ సరిపోతుందా? బైనాక్యులర్ కూడా ఏది కొనాలో చెప్పండి.

గట్టుమీది గువ్వ
మీకు గండిపేటే నయం. గట్టు తూర్పున, నీళ్లు పడమట. పొద్దున వెళ్తే సూర్యుడు వీపు వెనక ఉంటాడు కాబట్టి పిట్టల రంగులు తెలుస్తాయి. సాయంత్రం అస్తమయం బావుంటుంది గానీ, పిట్టలన్నీ నల్లటి ఆకారాలే. మార్చి నుంచి మే దాకా పార్కు గేటు తీసే వేళకే చేరి 8:30కల్లా బయల్దేరండి, మనిషికో లీటరు నీళ్లు పట్టుకెళ్లండి.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి (8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). 10× అయితే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ ఊగుతుంది. పాపకు బరువనిపిస్తే 8×32. కొనగానే కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి ఫోకస్ చెయ్యాలి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం కదపకుండా, కుడి కంటిగొట్టం దగ్గరి రింగు తిప్పాలి. చాలామంది ఈ రెండోది వదిలేసి తలనొప్పని పక్కన పడేస్తారు.

నీటికోడి
పైన చెప్పినదానికి ఒక సవరణ. చెరువు నిండితే కంటికి అందమే, పిట్టలు మాత్రం దూరం. గండిపేట పూర్తి మట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు. నీళ్లు దాని దగ్గర్లో ఉన్నన్నాళ్లూ బాతులు నడినీళ్లలోనే ఉంటాయి. మట్టం దిగి ఒడ్డున బురద తేలాకే పురుగుల కోసం ఉల్లంకిపిట్టలు దిగుతాయి. ఆ బురద మీదికి మాత్రం పాపను వదలొద్దు. పైన పెచ్చు గట్టిగానే ఉంటుంది, కింద మోకాలి లోతు దిగబడుతుంది. చలికాలంలో ఒక్కసారైనా అమీన్‌పూర్ వెళ్లండి, దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు.

మంచిరేవుల దారి
వానాకాలంలో చిక్కు పార్కుతో కాదు, రోడ్డుతో. గండిపేట గేట్లు ఎత్తితే మూసీ పొంగి నార్సింగి–మంచిరేవుల దారి మునుగుతుంది, పోలీసులు మూసేస్తారు. ముందురోజు రాత్రి నీటిమట్టం వార్త చూసి బయల్దేరండి. పెద్దవాళ్లకు అడుగున గాడులున్న చెప్పులు వేయించండి, తడి రాళ్ల మీద పాచి జారుతుంది. అలాంటి ఆదివారాలకు దుర్గం చెరువు నడకదారి చాలు. దోమలు మాత్రం ఖాయం.

ప్రశ్న అడిగినవారు
గండిపేటలో పాప కాళ్లు తడుపుకోవచ్చా?

నీటికోడి
వద్దండి, అవి తాగునీళ్లు. పైగా గట్టు పక్కనే లోతు.