డెయిన్‌ట్రీలో అడవి ప్లాటు కొని అడవిగానే ఉంచాలంటే ఏమేం చూసుకోవాలి?

కానుగనీడ:

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో డెయిన్‌ట్రీ నది దాటాక, కౌ బే దగ్గర ఒక హెక్టారు అడవి ప్లాటు అమ్మకానికి వచ్చింది. మన లెక్కలో దాదాపు రెండున్నర ఎకరాలు. ఇల్లు కట్టే ఉద్దేశం లేదు. కాసోవరీలకీ (ఎగరలేని పెద్ద పక్షులు), అక్కడ తప్ప ఇంకెక్కడా కనిపించని చెట్లకీ ఆ కాస్త నేల మిగలాలన్నదే కోరిక. నాకు ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. సగం డబ్బు ఇండియాలో ఉన్న మా అన్నయ్య పెడతానంటున్నాడు కాబట్టి ఇద్దరి పేరు మీదా రాయించుకుందాం అనుకుంటున్నాం.

ఇంత చిన్న ముక్క కొంటే నిజంగా ఉపయోగం ఉంటుందా? సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి? మా తర్వాత వచ్చేవాళ్లు నరికేయకుండా గట్టి ఏర్పాటు ఏదైనా ఉందా?

నేలవేము:

ఉంటుందండి, కానీ అది ఏ ముక్క అన్నదాన్ని బట్టే.

1980ల మొదట్లో నదికి ఉత్తరాన ఉన్న పల్లపు అడవిని 1,136 ప్లాట్లుగా కోసేశారు, చాలావరకు హెక్టారు చొప్పున. 1988లో వెట్ ట్రాపిక్స్‌కి, అంటే అక్కడి వర్షారణ్య ప్రాంతానికి, ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు ఈ ప్లాట్లు హద్దు బయటే ఉండిపోయాయి. పైనున్న కొండలకి రక్షణ దొరికింది, కింది పల్లానికి దొరకలేదు. ఆ తర్వాత ప్రభుత్వాలు కొన్ని కొన్నాయి, రెయిన్‌ఫారెస్ట్ రెస్క్యూ లాంటి సంస్థలు కొన్ని కొన్నాయి. మిగిలినవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

ముందు ఆ ప్లాటు మీద ఇల్లు కట్టే హక్కు ఉందో లేదో డగ్లస్ షైర్ కౌన్సిల్ ప్లానింగ్ స్కీమ్‌లో చూడండి. అందులో అడవి పరిరక్షణకి కేటాయించిన భాగంలో (కన్జర్వేషన్ ప్రీసింక్ట్) పడిన ప్లాట్లలో ఇల్లు కట్టనివ్వరు. అవి చవకగా దొరకొచ్చు, కానీ అక్కడ మీరు ఆపగలిగే ప్రమాదం కూడా అంతే తక్కువ. ఇల్లు కట్టడానికి వీలున్న ప్లాటు కొంటే ఒక ఇల్లు, దానికి దారి, కంచె, కుక్క ఇవన్నీ రాకుండా ఆపినట్టు. కాసోవరీలు ఎక్కువగా పోతున్నది కార్ల కింద పడి, కుక్కల నోట పడి. డబ్బు పెట్టేది రక్షణ కోసమే అయితే, ధర ఎక్కువైనా నేను రెండో రకమే మంచిదంటాను.

తర్వాత మీరు కాపాడాలనుకునేది ఏది? కాసోవరీ అయితే ఒక్క పక్షి తిరిగే మేరే వందల ఎకరాలు. మీ హెక్టారు దానికి ఇల్లు కాదు, రెండు అడవుల మధ్య దారి మాత్రమే. అందుకని నేషనల్ పార్కుకో, ఇప్పటికే రక్షణలో ఉన్న ప్లాటుకో ఆనుకుని ఉంటేనే దాని విలువ. నాలుగు వైపులా ఇళ్లుంటే చాలా తగ్గిపోతుంది.

చెట్ల సంగతి వేరు. ఇడియోస్పెర్మమ్‌నే తీసుకోండి. 1971లో ఆ ప్రాంతంలో పశువులు చచ్చిపోతే కారణం వెతుకుతూ మళ్లీ గుర్తించిన చెట్టు అది. గింజ గుప్పిటంత ఉంటుంది, రాలాక మామూలుగా నాలుగు దళసరి బద్దలుగా విడిపోతుంది. విషం కాబట్టి మోసుకెళ్లే జంతువులు దాదాపు లేవు, వాలు వెంట దొర్లి వాగు పక్కన మొలుస్తుంది. అందుకే ఒకే లోయలో గుంపుగా ఉంటాయి. అలాంటి వాగుగట్టు ఉన్న ప్లాటు హెక్టారే అయినా ఒక గుంపు గుంపంతా మీ చేతిలో ఉన్నట్టే.

చూడ్డానికి వెళ్లినప్పుడు తల పైకెత్తడం కంటే నేల మీద వెతకండి. కాసోవరీ రెట్ట పిడికెళ్ల కొద్దీ కుప్పగా, ఊదారంగులో, నమలని గింజలతో నిండి ఉంటుంది. పాతదైతే అందులోంచే మొలకలు లేస్తుంటాయి. అది కనిపించిందంటే పక్షి ఆ దారిన వస్తోందన్నమాట. లిక్యులా తాటిచెట్ల చిత్తడి ఉంటే దాన్ని ఎండగట్టడానికి ఎవరైనా కాలవ తవ్వారేమో చూడండి.

వెళ్లేముందే ఉచితంగా దొరికేవి మూడు: హద్దుల కోసం క్వీన్స్‌లాండ్ గ్లోబ్, ఆ లాట్ నంబరుకి వెజిటేషన్ మేనేజ్‌మెంట్ రిపోర్టు, చుట్టుపక్కల నమోదైన జీవుల జాబితా కోసం వైల్డ్‌నెట్. జాబితాలో లేదంటే అక్కడ లేదని కాదు, ఎవరూ వెళ్లి చూసి ఉండకపోవచ్చు.

దస్తావేజు:

కాగితాల సంగతి నేను చెప్తాను. ముందుగా, దయచేసి అన్నయ్యగారి పేరు టైటిల్ మీద పెట్టకండి.

ఆయన అక్కడి చట్టం ప్రకారం విదేశీ వ్యక్తి, కాబట్టి ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ అనుమతి కావాలి. ఇల్లు కట్టడానికి వీలున్న ఖాళీ స్థలానికి ఆ అనుమతి మామూలుగా నాలుగేళ్లలో ఇల్లు కట్టాలన్న షరతుతో వస్తుంది. మీరు కొనేదే కట్టకుండా ఉంచడానికి! పైగా ఆయన వాటా మీద మామూలు ట్రాన్స్‌ఫర్ డ్యూటీ (మన స్టాంపు డ్యూటీ లాంటిది) కాక, 2024 జూలై నుంచి 8 శాతం అదనపు డ్యూటీ. పీఆర్ ఉన్న మీకు ఈ రెండు చిక్కులూ లేవు. ఆయన మీకు కానుకగా డబ్బు పంపి, నేల పూర్తిగా మీ ఒక్కరి పేరు మీద ఉంటే సరిపోతుంది. పైకి మీ పేరు పెట్టి లోపల సగం ఆయనదని రాసుకుంటే మాత్రం చట్టం దాన్నీ ఆయన వాటాగానే చూస్తుంది. ఇండియా నుంచి పంపేటప్పుడు ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పథకం) పరిమితి ఏడాదికి 2,50,000 అమెరికా డాలర్లు.

2025 ఆగస్టు 1 నుంచి క్వీన్స్‌లాండ్‌లో అమ్మేవాళ్లు సంతకానికి ముందే ఫారం 2 అనే వెల్లడి పత్రం ఇవ్వాలి. టైటిల్ సెర్చ్, సర్వే ప్లాను అందులో ఉంటాయి. వరద చరిత్ర ఉండదు. అది మీరే తెలుసుకోవాలి.

ఒప్పందంలో డ్యూ డిలిజెన్స్ క్లాజు, అంటే అన్నీ పరిశీలించి నచ్చకపోతే వెనక్కి తగ్గే వీలు, రాయించండి, కనీసం నెల రోజులు. ఆ నెలలో జరగాల్సినవి: లైసెన్సు ఉన్న సర్వేయరుతో హద్దురాళ్లు పట్టించడం, దారి హక్కు రిజిస్టరై ఉందో లేదో చూడటం, పర్యావరణ శాఖ వాళ్లతో మాట్లాడటం. దట్టమైన ఆకుల కింద ఫోన్ జీపీఎస్ పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, దాన్ని నమ్మి హద్దు అనుకోకండి. మ్యాపు మీద రోడ్డు గీత ఉన్నంత మాత్రాన నేల మీద రోడ్డు ఉందని కాదు. ఆ రోడ్డు వేయకుండా ఉంటేనే అడవికి మేలు, కానీ కలుపు తీసే మనుషులు లోపలికి వెళ్లడానికి ఏదో ఒక దారి ఉండాలి.

మీ తర్వాతి సంగతికి ఉన్న ఏర్పాటు పేరు నేచర్ రెఫ్యూజ్. నేచర్ కన్జర్వేషన్ చట్టం, 1992 కింద మీకూ రాష్ట్రానికీ మధ్య ఒప్పందం. టైటిల్ మీద నమోదవుతుంది కాబట్టి వారసులకీ, కొనుక్కున్నవాళ్లకీ వర్తిస్తుంది. డెయిన్‌ట్రీలో చిన్న ప్లాట్లకీ ఇది జరిగింది. ఒకవేళ నేలని బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటే వాళ్ల సమ్మతి కూడా కావాలి, అందుకే అప్పు లేకుండా కొంటే పని సులువు. ఒక లోపం కూడా తెలుసుకోండి: నేచర్ రెఫ్యూజ్ గనుల తవ్వకాన్ని దానంతటదే ఆపదు. దాన్నీ ఆపే స్పెషల్ వైల్డ్‌లైఫ్ రిజర్వ్ అనే తరగతి 2019 నుంచి ఉంది, కానీ అది అసాధారణమైన విలువ ఉన్న చోట్లకే.

చిగురుటాకు:

కొన్నాక పని మొదలవుతుంది. "అలాగే ఉంచేయడం" అనే మాట దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. అంచుల్లో కలుపు ఎక్కితే అడవి లోపలికి కుంచించుకుపోతుంది.

చిత్తడి ఉంటే పాండ్ యాపిల్ కోసం చూడండి. మన సీతాఫలం జాతిదే, అంటుకట్టడానికి తెచ్చింది. పండు నీళ్లలో తేలుతుంది, ఉప్పునీటినీ తట్టుకుంటుంది, పందులు తింటాయి, కాసోవరీలూ తింటాయి. మీరు కాపాడే పక్షే గింజ తెచ్చి వేస్తుంది! కాబట్టి ఒకసారి తీసేస్తే అయిపోదు, ఏటా వెళ్లాలి. చిన్న మొక్కల్ని చేత్తో పీకండి. పెద్దవాటిని నరికిన వెంటనే, మోడు ఆరకముందే కలుపు మందు పూయాలి, ఆలస్యమైతే మళ్లీ చిగురిస్తుంది.

పెద్ద ఆకు, మూడు స్పష్టమైన ఈనెలు, ఆకు అడుగున ఊదారంగు: ఇది కనిపిస్తే మికోనియా. దాన్ని మీరు ముట్టుకోకుండా 24 గంటల్లో బయోసెక్యూరిటీ క్వీన్స్‌లాండ్‌కి చెప్పాలి. రోడ్డువైపు పచ్చగా నేలంతా పాకే పసుపుపూల తీగ సింగపూర్ డైసీ, తోటల చెత్త పారబోసిన చోట మొదలవుతుంది.

చెట్లు నాటడానికి తొందరపడకండి. పక్కనే అడవి ఉంటే, గినీ గడ్డిని అణిచి ఒక ఏడాది ఆగండి. పక్షులు తెచ్చిన గింజలు వాటంతటవే లేస్తాయి, అవి ఎవరూ నాటలేని మేలురకం. నిజంగా ఖాళీగా ఉన్న చోటే నాటండి. 1.5 నుంచి 1.8 మీటర్ల ఎడంలో, అంటే హెక్టారుకు 3,000 నుంచి 4,400 మొక్కలు. విత్తనం అదే లోయది కావాలి. వానలు పట్టుకున్నాక నాటి, కొమ్మలు కలిసి నేల మీద నీడ పడేదాకా రెండు మూడేళ్లు గడ్డి తీస్తూనే ఉండాలి. నాటి వదిలేసిన చోటల్లా రెండో వర్షాకాలానికి గడ్డే గెలుస్తుంది.

పాత ముళ్లకంచె ఉంటే మొదటి వారంలోనే తీయించండి, గబ్బిలాలు రెక్కలు చిక్కుకుని చచ్చిపోతాయి. లోపలికి వెళ్లేముందు బూట్ల మట్టి పూర్తిగా గీకి కడగాలి. వేరుకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా మట్టితోనే వస్తుంది.

కానుగనీడ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. అన్నయ్యతో మాట్లాడాను, నా పేరు మీదే పెట్టుకుంటాం. మాకు ఏటా వెళ్లడం కుదరకపోతే?

దస్తావేజు:

అప్పుడు కొనకుండా, ఆ డబ్బు అక్కడే ప్లాట్లు కొంటున్న సంస్థకి ఇవ్వడం మేలు. వాళ్లకి నర్సరీ, మనుషులు, ఆనుకుని ఉన్న నేలలు ఉంటాయి. సొంతంగానే కొంటానంటే కౌన్సిల్ పన్ను, కలుపు మనిషి కూలి, పబ్లిక్ లయబిలిటీ బీమా కలిపి పదేళ్ల ఖర్చు విడిగా పక్కన పెట్టాకే సంతకం చేయండి. మీ తర్వాత నేల ఎవరికి వెళ్లాలో వీలునామాలో కూడా రాయండి.

నేలవేము:

ఒక్క మాట. నేలని రెండుసార్లు చూడండి. ఫిబ్రవరి-మార్చిలో వెళ్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది, ఆగస్టు-సెప్టెంబర్‌లో వెళ్తే కలుపు ఎక్కడుందో నడిచి చూడగలరు. 2023 డిసెంబర్‌లో జాస్పర్ తుఫాను వానలకి కొండచరియలు విరిగి కేప్ ట్రిబ్యులేషన్ రోడ్డు చాలాకాలం తెగిపోయింది. వాలు మీద ప్లాటైతే అప్పటి జారుడు మచ్చలు మీ హద్దులోకి వచ్చాయో లేదో ఉపగ్రహ చిత్రాల్లో ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూడండి. అలాంటి గాయాల మీదే కలుపు మొదట దిగుతుంది.