బుల్లెట్ 350 స్వింగార్మ్‌కి క్రాక్: వెల్డింగ్ సరిపోతుందా, మార్చేయాలా? (చెన్నై)

తిరువాన్మియూర్_350

నమస్కారమండి. బండి 1994 బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజన్. చైను వైపు స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ఆర్మ్) కాలు, పైవట్ (అది ఫ్రేమ్‌కి కీలులా తిరిగే చోటు) అడ్డపైపుకి అతుక్కునే చోట, వెల్డింగ్ అంచు వెంబడి సన్నటి గీత కనబడింది. సుమారు 2 సెం.మీ. అక్కడ పెయింట్ పొక్కి, కిందకి ఎర్రటి మరక కారింది. మలుపుల్లో వెనక చక్రం తోక ఊపుతున్నట్టు అనిపిస్తోంది. 2023 డిసెంబరు వరదల్లో బండి ఇరుసు దాకా నీళ్లలో ఉంది.

దగ్గర్లోని వెల్డింగ్ షాపువాడు బండి మీద ఉండగానే ఆర్క్ వెల్డింగ్ కొట్టి, పైన ఒక పట్టీ వేసేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? మార్చాల్సి వస్తే పుదుప్పేటలో (పాత స్పేర్ల బజారు) పాతది తీసుకోవచ్చా?

అంబత్తూర్_లేత్

ముందు బండి నడపడం ఆపండి. ఎర్రటి మరక కారిందంటే అది పెయింట్ గీత కాదు. పగులు రెండు ముఖాలూ ఒకదానితో ఒకటి రాసుకుని, ఆ పొడి తేమకి తుప్పై బయటికొస్తోంది.

అయినా కళ్లతో చూసి తేల్చకండి. ఆర్మ్ విప్పి, గీతకి చుట్టూ రెండంగుళాల మేర పెయింట్ స్ట్రిప్పర్‌తో తీయండి. గ్రైండర్ పెడితే లోహం అంచు మీదకి సాగి పగులు నోరు మూసుకుపోతుంది. తర్వాత డై పెనిట్రెంట్ కిట్ (పగుళ్లు చూపే రంగు). మూడు డబ్బాలుంటాయి: క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్. ఎర్రది కొట్టి 10 నుంచి 15 నిమిషాలు వదిలేయండి. తుడిచేటప్పుడు క్లీనర్ నేరుగా కొట్టొద్దు, పగులు లోపలి రంగు కూడా కడుక్కుపోతుంది. గుడ్డకి కొట్టుకుని, ఆ గుడ్డతో తుడవాలి. పైన డెవలపర్ పల్చగా. కాసేపటికి తెలుపు మీద ఎర్ర దారంలా తేలుతుంది. కంటికి 2 సెం.మీ. అనుకున్నది ఇక్కడ ఎంతకి తేలుతుందో చూడండి.

ఆర్మ్ తీసే ముందు ఇంకో పని. సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఆర్మ్ వెనక కొసలు పట్టుకుని పక్కలకి ఊపండి. ఇంకొకరు పైవట్ దగ్గర ఆర్మూ ఫ్రేమూ కలిసే సందు మీద వేలు పెట్టి చూడాలి. వేలికి కదలిక తెలిస్తే పైవట్‌లోని బుష్‌లు (రబ్బరు గొట్టాలు) పోయాయి. అక్కడ కదలకుండా చక్రం మాత్రమే ఊగితే బేరింగులు.

గిండీ_టిగ్

బండి మీదే ఆర్క్ అన్నవాడికి దూరం నుంచే దండం పెట్టండి. ఎర్త్ క్లిప్ ఎక్కడ తగిలిస్తాడో దాన్నిబట్టి కరెంటు వీల్ బేరింగుల గుండా, గేర్‌బాక్స్ గుండా దారి వెతుక్కుంటుంది. పైన పెట్రోలు ట్యాంకు ఉండనే ఉంది. అసలు చిక్కేమిటంటే, పగులు అడుగు దాకా తీయకుండా పైన వెల్డ్ పూస పోస్తే కింద పగులు అలాగే ఉంటుంది. పైన మెరుస్తుంది, కింద నుంచి మళ్లీ ఎక్కుతుంది.

సరైన పద్ధతి ఇది. పగులు రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం (దానితో పగులు నయం కాదు, ముందుకి పాకడం నెమ్మదిస్తుంది, అంతే). పగులు వెంబడి V గాడి తీసి, మళ్లీ డై కొట్టి, ఎర్ర గీత పూర్తిగా పోయేదాకా తీస్తూ పోవాలి. పైవట్‌లో ఒక రాడ్డు, యాక్సిల్ గాడుల్లో ఒక రాడ్డు బిగించి జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) పెట్టాలి, లేకపోతే చల్లారేటప్పుడు కాలు లోపలికి లాగేస్తుంది. టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్ కింద చేసేది), ఈఆర్70ఎస్-2 ఫిల్లర్ తీగ. ఆర్కే గతి అయితే 7018 రాడ్డు, అదీ ఓవెన్‌లోంచి తీసింది. మన చెన్నై గాలికి తెరిచి పడేసిన 7018 తేమ పీల్చేసి, హైడ్రోజన్‌ని వెల్డ్‌లోకి ఎక్కిస్తుంది, ఒకట్రెండు రోజుల తర్వాత పక్కనే కొత్త పగులు. నీళ్లు పోసి చల్లార్చొద్దు. రబ్బరు బుష్‌లు ముందే బయటికి తీసేయాలి.

పట్టీ సంగతి: పైపుకి అడ్డంగా చతురస్రపు ముక్క అతికించి నాలుగు వైపులా వెల్డ్ చేస్తే, ఆ అడ్డ వెల్డ్ అంచునే మళ్లీ తెగుతుంది. గట్టి భాగం ఆగిపోయి, మెత్తటి భాగం మొదలయ్యే చోటు అది. పట్టీ వేయాల్సి వస్తే చేప ఆకారంలో, కొసలు సన్నగా, వెల్డ్ పైపు పొడుగునా సాగాలి.

ఇంకోటి, ప్రాణాల మీదకొచ్చేది. శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడి, తడి ఆరకముందే ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ పుడుతుంది. అది విషవాయువు. అసిటోన్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, సీసా దూరంగా పెట్టి వెలిగించాలి.

ఇంతా చెప్పి నా మాట: చైన్‌గార్డ్ చెవి, కేబుల్ క్లిప్ లాంటివి విరిగితే వెల్డ్ చేయొచ్చు. పైవట్ జాయింట్ దగ్గర పగులొస్తే మార్చేయాలి.

తిరువాన్మియూర్_350

డై కొట్టాం. 2 కాదు, నాలుగున్నర సెం.మీ. కింది వైపు తిరిగి ఉంది. పైపు తట్టితే లోపలి నుంచి తుప్పు పెచ్చులు రాలుతున్నాయి. ఎడమ బుష్ రబ్బరు చీలి, లోపలి స్లీవ్ చేత్తో తిరుగుతోంది. మార్చడమే. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త ప్యాటర్న్ ఆర్మ్ (కంపెనీది కాని నకలు), పుదుప్పేటలో పాత ఒరిజినల్, రెండూ దొరుకుతున్నాయి. ఏది?

పుదుప్పేట_రౌండ్లు

పాత ఒరిజినల్ బాగుంటే దానికే నా ఓటు. "బాగుంటే" అన్నదే కష్టం. కొత్తగా నల్ల పెయింట్ కొట్టి మెరుస్తున్నది వద్దు, తుప్పుతో ఉన్నదే ఇవ్వమనండి. చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి వెల్డ్‌ల వెంబడి జరపండి, పట్టు సడలిన చోట పుట్టీ ఉంది. క్రోమ్ ఆర్మ్ అయితే వెల్డ్ పూసలు చూడండి. నున్నగా కనబడాలని గ్రైండ్ చేసి ఉంటే జాయింట్ బలం అక్కడే పోయింది.

సుత్తితో మెల్లగా తట్టుతూ పైపు పొడుగునా వెళ్లండి. ఖంగుమనాలి. డబ్‌మన్న చోట లోపల తుప్పు తినేసింది. తిరగేసి విదిలిస్తే మీ దాంట్లోలా పెచ్చులు పడకూడదు. వరద బళ్ల ఆర్మ్‌లకి ఇదే రోగం, చిన్న కన్నాల గుండా నీళ్లు పోతాయి గానీ బయటికి రావు.

వంకర చూడ్డానికి: పైవట్‌లోంచి ఒక తిన్నటి రాడ్డు, యాక్సిల్ గాడుల్లోంచి ఇంకోటి దూర్చి, వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు రాడ్లూ ఒకదాని మీద ఒకటి సమంగా కప్పుకోవాలి. కత్తెరలా కనిపిస్తే ఆర్మ్ మెలి తిరిగింది. తర్వాత రెండు రాడ్ల మధ్య దూరం ఎడమా కుడీ టేపుతో.

ప్యాటర్న్ ఆర్మ్ కొంటే పాతది సంచిలో వేసుకుని వెళ్లి, పైవట్ పైపు పొడవు, బుష్ రంధ్రం వ్యాసం, షాకబ్జర్ స్టడ్ మందం వెర్నియర్‌తో అక్కడికక్కడే సరిచూడండి. ఛాసిస్ నంబర్ ఆర్మ్ మీద ఉండదు కాబట్టి అదే రకం ఆర్మ్ మార్చినందుకు ఆర్‌సీకి ఏం కాదు.

అంబత్తూర్_లేత్

ఆర్మ్ ఏదైనా, అసలు కారణం వదిలేస్తే రెండోది కూడా అక్కడే తెగుతుంది. ఈ బండిలో షాకబ్జర్లు యాక్సిల్ దగ్గర్లోనే కూర్చుంటాయి, కాబట్టి గుంతల దెబ్బ చాలావరకు నేరుగా వాటికే పోతుంది. అడ్డపైపు వెల్డ్‌ని చంపేది మెలి. ఒక షాకబ్జర్ ఆయిల్ కారి చచ్చిపోయి ఇంకోటి బిగువుగా ఉంటే రెండు కాళ్లూ చెరో దారి పడతాయి. దానికి తోడు చైను లాగుడంతా ఎడమ కాలి మీదే. బుష్ లూజైతే ఆ లాగుడు దెబ్బలు దెబ్బలుగా పడుతుంది. కాబట్టి షాకబ్జర్లు జతగా మార్చండి, చైను వీణ తీగలా బిగించొద్దు. గేర్‌బాక్స్ పళ్లచక్రం, పైవట్, యాక్సిల్ ఒకే గీత మీదకి వచ్చినప్పుడే చైను బాగా బిగుసుకుంటుంది, వదులు ఎంతుందో అక్కడ చూడాలి.

సైలెంట్ బుష్‌లు (ఆ పైవట్ రబ్బరు బుష్‌లే): సుత్తితో దించొద్దు. 12 మి.మీ. హైటెన్సైల్ థ్రెడ్ రాడ్డు, రెండు నట్లు, మందపాటి వాషర్లు, బుష్ బయటి వ్యాసం కంటే ఒక వెంట్రుకంత చిన్న సాకెట్, అవతల వైపు బుష్ దిగేంత పైపు ముక్క. నట్టు తిప్పితే పాతది పైపులోకి వస్తుంది. కదలకపోతే రబ్బరు డ్రిల్‌తో కొట్టేసి, బయటి రేకుని హాక్సా బ్లేడుతో లోపలి నుంచి కోయండి, రంధ్రం గోడకి బ్లేడు తగలకుండా. కొత్తది దించేటప్పుడు ఒత్తిడి బయటి రేకు మీదే పడాలి. లోపలి స్లీవ్ మీద నొక్కితే రబ్బరు మొదటి రోజే చీలుతుంది. గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

స్పిండిల్‌ని (పైవట్ గుండా పోయే ఇరుసు) గాజు పలక మీద దొర్లించండి, టకటక మంటే వంగింది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. సెంటర్ స్టాండ్ మీద చక్రం వేలాడుతుండగా స్పిండిల్ నట్టు పూర్తిగా బిగించేస్తారు. అప్పుడు స్లీవ్ ఆ స్థానంలో లాక్ అయి, మనిషి కూర్చున్న ప్రతిసారీ రబ్బరు మెలిపడే ఉంటుంది. నట్టు చేత్తో తిప్పి వదిలేసి, స్టాండ్ తీసి, బండి మీద మనిషి కూర్చున్నాక ఫైనల్‌గా బిగించండి. మళ్లీ అది వదులుగా ఉన్నా కష్టమే, స్లీవ్ లోపల స్పిండిల్ తిరిగి అరుగుతుంది.

చివర్లో, రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో తేల్చే దారం పరీక్ష. స్నెయిల్ క్యామ్‌ల (చైను బిగువు సరిచేసే నత్త ఆకారపు బిళ్లలు) పళ్లు రెండు వైపులా ఒకటే అని నమ్మొద్దు. ముందూ వెనకా ఒకే 3.25-19 టైర్లయితే, నేలకి జానెడు ఎత్తున లాగిన దారం ప్రతి వైపూ రెండు టైర్ల ముందంచూ వెనకంచూ, నాలుగు చోట్లా తగలాలి. 100 కి.మీ. తర్వాత నట్టు, చైను, దారం మళ్లీ చూడండి.

తిరువాన్మియూర్_350

పాత ఒరిజినల్ ఒకటి అన్ని పరీక్షలకీ నిలిచింది, దాన్నే తీసుకున్నా. పగిలిన దాన్ని తూకానికి ఇచ్చేయనా?

పుదుప్పేట_రౌండ్లు

ఇచ్చే ముందు కటింగ్ వీల్‌తో రెండు కాళ్లూ కోసేయండి. అలాగే ఇస్తే పుట్టీ, నల్ల పెయింట్ పూసుకుని నెల తిరక్కుండా ఇంకొకరి బండి కిందకి చేరుతుంది.