రిఫ్లెక్స్‌లో మెదడుకు పాత్రే లేదా? పదో తరగతికి ఎలా చెప్పాలి?

బయాలజీ_టీచర్:
వేడి తగలగానే అనుకోకుండా చెయ్యి లాగేసే రిఫ్లెక్స్ వెన్నుపాము పని, మెదడుకు సంబంధం లేదని చెబుతుంటాం. కానీ మరిగిన పాలగిన్నె చేతిలో ఉండి, కాళ్ల దగ్గర పసిబిడ్డ పాకుతుంటే ఎవరూ గిన్నె వదిలెయ్యరు. చురుకు ఓర్చుకుని గట్టు మీద పెట్టాకే వదులుతారు. ఇదెలా సాధ్యం?

నాడీ_పాఠం:
“సంబంధం లేదు” అనకండి సార్, “మెదడు కోసం ఆగదు” అనండి. చర్మం దాదాపు 43 డిగ్రీలు దాటితే నొప్పి నరాలు స్పందిస్తాయి. వాటిలో ఎ-డెల్టా తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో, సి తంతువులు 2 మీటర్ల లోపు వేగంతో వార్త మోస్తాయి. అందుకే ముందు చురుక్కుమంటుంది, మంట కాస్త ఆగి మొదలవుతుంది. చెయ్యి మడవమనే ఆదేశం వెన్నుపాము నుంచే వస్తుంది. అయితే అక్కడి నాడీకణాల మీదికి మెదడు నుంచి కూడా తంతువులు దిగుతాయి. రిఫ్లెక్స్‌ను అణచడం, పెంచడం రెండూ వాటి చేతిలోనే ఉన్నాయి. గిన్నె వేడిదని ముందే తెలిస్తేనే అణచడం కుదురుతుంది. తెలియక తగిలితే అంత వ్యవధి ఉండదు.

మనసు_శాస్త్రం:
ఇందులో భయాన్ని వదిలేయకండి. చెయ్యి కాలడమా, బిడ్డ కాలడమా అన్న తూకం లెక్కలు వేసి తేల్చేది కాదు, బిడ్డ కోసం పుట్టిన భయమే తేలుస్తుంది. అదే భయం ముదిరితే చేటు. ఆందోళనలో అమిగ్డలా (మెదడులో భయానికి సంబంధించిన భాగం) ఉలికిపాటును పెంచుతుంది. అప్పుడు వెనక నుంచి “జాగ్రత్త!” అని అరిస్తే గిన్నె జారే ప్రమాదం ఉంది. అరవకుండా బిడ్డను ఎత్తుకోవాలి.

బయాలజీ_టీచర్:
చాలా ఉపయోగపడిందండీ. క్లాసులో చూపించడానికి ఏమైనా ఉందా?

నాడీ_పాఠం:
వేడితో వద్దు, మోకాలితో చూపించండి. అది వేరే రిఫ్లెక్సే, కండరం సాగినప్పుడు వచ్చేది, కానీ రిఫ్లెక్స్ పెరగడం, తగ్గడం అందులోనూ కనిపిస్తుంది. విద్యార్థిని బల్ల అంచున, పాదాలు నేలకు తగలకుండా కూర్చోబెట్టండి. మోకాలిచిప్ప కింద మెత్తగా తగిలే స్నాయువు మీద అరచేతి అంచుతో తట్టండి. తర్వాత రెండు చేతుల వేళ్లు కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగమని, సరిగ్గా ఆ క్షణంలో మళ్లీ తట్టండి. చాలామందిలో కాలు ముందుకన్నా బాగా లేస్తుంది. మోకాలినే చూస్తూ తొడ బిగబట్టుకుంటే మాత్రం కాలు సరిగా లేవకపోవచ్చు, అందుకని పైకప్పు వైపు చూడమనండి. బిగబట్టుకున్నప్పుడు ఏమవుతుందో కూడా పిల్లలకు చూపించండి.