రంగుల చేతిపనికి ప్రేరణ ఎక్కడ వెతకాలి: ఫోనులోనా, కళ్ల ముందా?

చర్చ ప్రారంభించినవారు, అనంతపురం:

సెలవుల్లో మా ఇంటి దగ్గర పదిమంది ఆడపిల్లలకు కాగితపు దీపాలు చేయడం నేర్పుతున్నాను. ప్రతి ఒక్కరూ ఫోనులో ఒక బొమ్మ చూసి, దాన్నే దించి తెస్తున్నారు. పని శుభ్రంగానే ఉంటున్నది గానీ, పది దీపాలనూ వరుసగా పెడితే ఏది ఎవరిదో నేనే చెప్పలేకపోతున్నాను. చూసి దించడమూ నేర్చుకోవడమేనని నాతో కలిసి నేర్పే ఆవిడ అంటున్నారు. ఫోను పక్కన పెట్టించాలని నాకు అనిపిస్తున్నది. మీరేమంటారో కారణంతో సహా చెప్పగోరుతున్నాను.

ధర్మవరం సభ్యురాలు:

పక్కన పెట్టించండి. వీలైతే పిల్లలను ఒక్క పూట మా మండలంలోని నిమ్మలకుంటకు తీసుకురండి. తోలుబొమ్మల కళకు 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడ ఒక ఇంటి అరుగు మీద నేను చూసిన నెమలి బొమ్మ ల్యాంప్‌షేడ్ పగటి వెలుతురులో మామూలుగానే, కొంచెం మసకగా కూడా కనిపించింది. లోపల బల్బు వేయగానే ఇటుక రంగులో ఉన్న ఎరుపు దానిమ్మ గింజలా మెరిసింది. ఈకల మధ్య ఉలితో కొట్టిన సన్నని రంధ్రాలన్నీ ముత్యాల వరుసలయ్యాయి. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలుచగా చేసి, రెండు వైపులా రంగు వేస్తారు కాబట్టే ఆ కాంతి వస్తుంది. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్ర బంగారక్క ఒంటి మీద నగలు మెరిసేదీ ఆ రంధ్రాల వల్లే. ఫోనులో ఆ నెమలిని చూసిన పిల్లకు ఆకారం దొరుకుతుంది గానీ, అందులోని సంతోషంలో సగం రంధ్రాలదేనని ఎలా తెలుస్తుంది?

మా ఊరి పట్టుచీరల్లో నెమలికంఠం రంగు సంగతీ అంతే. దానికి పడుగు, అంటే నిలువు పోగులు, ఒక రంగు, పేక, అంటే అడ్డ పోగులు, మరో రంగు వేస్తారు, కట్టుకున్న మనిషి కదిలినప్పుడల్లా చీర రంగు మారుతుంది. ఫోటోలో వాటిలో ఒక్కటే నిలుస్తుంది.

కడప సభ్యురాలు:

అమ్మా, మీ మాటలు అందంగా ఉన్నాయి, కానీ వాటితో నేను ఏకీభవించలేను. ఇంటి పనంతా ముగిశాక రాత్రి తొమ్మిదింటికి కుట్టుకు కూర్చునే నాలాంటి వారికి నిమ్మలకుంట ప్రయాణమంటే ఒక రోజు సెలవు, బస్సు ఛార్జీలు, ఇంట్లో వారి అనుమతి. మా వీధిలో అద్దాల కుట్టు తెలిసినవారు ఒక్కరూ లేరు. ఒకే వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, ఇరవై సార్లు చూసి నేర్చుకున్నాను. ఇంకొక మాట. 16వ శతాబ్దపు లేపాక్షి గుడిలో లతామండపం స్తంభాల మీది తీగలనూ పువ్వులనూ చీర అంచుల్లోకి తెచ్చుకున్నవారు చేసింది మాత్రం చూసి దించడం కాదా? గుడి నుంచి తీసుకుంటే సంప్రదాయం, ఫోను నుంచి తీసుకుంటే తప్పు అనడం న్యాయం కాదు.

ధర్మవరం సభ్యురాలు:

ప్రయాణం గురించి మీరన్నది నిజం. అందరికీ సాధ్యమయ్యేదన్నట్టు రాయడం నా పొరపాటు. కుట్టు ఎలా వేయాలో ఫోను నేర్పగలదని కూడా ఒప్పుకుంటాను. కానీ లేపాక్షి పువ్వు చీర అంచులోకి ఉన్నదున్నట్టు రాదు. రాతి మీది వంపును గళ్ల కాగితం మీద మెట్లుమెట్లుగా మార్చి, ఏ గడిలో ఏ పోగు పైకి రావాలో ఒక్కొక్కటిగా నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాల్లోనే అది నేసినవారి పువ్వవుతుంది. తెర మీది బొమ్మను కాగితం మీదికి గీసుకునే పిల్లకు ఆ అవసరమే రావడం లేదన్నది నా బాధ. అందుకని, బొమ్మ ఫోనులోదే అయినా రంగులు మాత్రం ఇంట్లో తమకు నచ్చిన వస్తువు నుంచి తీసుకోమని చెప్పి చూడండి.

చర్చ ప్రారంభించినవారు:

నిన్న ఆ పని చేశాను. ఒకరు గాజులు, ఒకరు ముగ్గు రంగుల పొట్లాలు తెచ్చారు. ఒక పిల్ల గుప్పెడు వేరుశనక్కాయలు తెచ్చింది. ఒలిచి చూపించి, మట్టి రంగు తొక్క, గులాబీ పొర, లోపల మీగడ తెలుపు పప్పు, ఈ మూడే తన దీపానికి రంగులని చెప్పింది. ఇన్నేళ్లుగా మా జిల్లా చేలల్లో చూస్తున్న కాయ, ఆ పొరది అంత చక్కని గులాబీ రంగని నేనే ఎన్నడూ గమనించలేదు. ఇద్దరు మాత్రం ఫోనులోని రంగులే కావాలన్నారు, వారిని ఆపలేదు. రంగులు ఇంకా తడిగా ఉన్నాయి. శనివారం సాయంత్రం పదింటినీ ఒకేసారి వెలిగించి, చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తాను.