తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు గర్భస్రావం చేయించడం పాపమా?

రాయగడ, లూథరన్ సంఘ పెద్ద:

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా వైపు ఈమధ్య జరిగిన ఉజ్జీవ కూటాల్లో ఒక సేవకుడు, గర్భంలోని శిశువును తీయించడం ఎటువంటి పరిస్థితిలోనైనా నరహత్యేననీ, తల్లి బ్రతకడం, బ్రతకకపోవడం దేవుని చేతికి విడిచిపెట్టవలసిన సంగతే గాని డాక్టర్లు తేల్చేది కాదనీ బోధించారు. కూటం ముగిశాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చారు. ఆమె కోడలు అయిదో నెల గర్భిణి, రక్తపోటుకు మందులు వాడుతున్నది. రేపు డాక్టరు గర్భం తీయాలని చెబితే మేము ఒప్పుకోవచ్చునా అని ఆమె అడిగారు.

తల్లి గర్భంలో మనల్ని నిర్మించినవాడు దేవుడేనని 139వ కీర్తన చెబుతున్నది. యిర్మీయాను గర్భంలో రూపింపక మునుపే ఆయన ఎరిగి ఉన్నాడు. మరియ వందనం విని ఎలీసబెతు గర్భంలో శిశువు గంతులు వేశాడని లూకా వ్రాశాడు. వీటినన్నిటినీ నేను నమ్ముతున్నాను. అయితే ఆ సేవకుడు చెప్పిన తీర్పు వీటినుండి వస్తుందా అన్నదే నా సందేహం. ఇతర సంఘాలవారు తమ బోధను వివరంగా వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

బరంపురం, కథోలిక ఉపదేశి:

పెద్దలకు నమస్కారం. మా సంఘం బోధ కఠినమైనదే, కానీ ఆ సేవకుడు చెప్పినది మా బోధ కాదు. గర్భంలోని శిశువును చంపవద్దన్న ఆజ్ఞ తొలి క్రైస్తవుల ఉపదేశ గ్రంథమైన డిడాకేలోనే ఉన్నది. 314లో అన్‌కైరా (నేటి టర్కీలోని అంకారా) నగరంలో కూడిన సంఘ పెద్దల సభ ఆ పాపానికి పదేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది. అంతకు మునుపు మరణ పర్యంతం ఉన్న శిక్షను తగ్గించి ఆ పదేళ్లు పెట్టారన్నది మరువకూడదు. అగస్టీను, తోమాసు అక్వినాసు వంటి మా సంఘ పూర్వ పండితులు పిండానికి రూపం ఏర్పడక ముందు, ఏర్పడిన తరువాత అని భేదం చూపారు గాని, ముందైతే తప్పు లేదని వారు అనలేదు. శిక్షల విషయంలో మిగిలి ఉన్న ఆ భేదాన్ని పోపు తొమ్మిదవ పయస్ 1869లో తొలగించారు. 1974లో రోములోని మా సంఘ అధిష్ఠానం వెలువరించిన ప్రకటన, ఆత్మ ఎప్పుడు కలుగుతుందన్న ప్రశ్నను తేల్చకుండానే, అక్కడ ఉన్నది మనిషేమో అన్న సందేహం ఉన్నప్పుడు ఆ ప్రాణం తీయడానికి తెగించడమే ఘోర పాపమని చెప్పింది.

మరి తల్లి ప్రాణం మాట? గర్భిణికి గర్భాశయంలో క్యాన్సరు ఉంటే గర్భాశయాన్ని తీసివేయడాన్నీ, పిండం అండవాహికలో (అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టంలో) నిలిచిపోయి అది పగిలే స్థితికి వస్తే ఆ వాహికను తీసివేయడాన్నీ మా నీతిశాస్త్ర పండితులు అనుమతిస్తారు. వైద్యుడు చేసేది జబ్బు పడిన అవయవానికి చికిత్స. శిశువు మరణం ముందే తెలిసినా, కోరుకున్నది కాదు. 1962లో మరణించి 2004లో పునీతురాలిగా ప్రకటింపబడిన ఇటలీ వైద్యురాలు జియాన్నా బెరెట్టా మోల్లా తన గర్భాశయాన్ని తీయించుకొని ఉన్నా సంఘం తప్పు పట్టేది కాదు. ఆమె గడ్డను మాత్రమే తీయించుకొని బిడ్డను నిలుపుకొన్నది. అది ఆమె చేసిన త్యాగం. ఆ త్యాగాన్ని ఇంకొకరి మీద మోపే అధికారం అత్తకూ లేదు, భర్తకూ లేదు, సంఘానికీ లేదు. అయితే శిశువును నేరుగా చంపడాన్నే మార్గంగా ఎంచుకోవడం ఎన్నటికీ తప్పేనన్నది మా బోధ.

గుణుపురం, నర్సు, బాప్టిస్టు సంఘ సభ్యురాలు:

ఉపదేశిగారికి, పెద్దన్నగారికి వందనాలు. నేను ప్రసూతి వార్డులో పనిచేస్తాను. అక్కరలేదని గర్భాన్ని తీయించడాన్ని నేను సమర్థించను. ఆడపిల్ల అని తెలుసుకొని తీయించడం పాపమని చెప్పడానికి నాకు ఏ పండితుడూ అక్కరలేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. తల్లి ప్రాణం పోయే స్థితిలో గర్భాన్ని ముగించడం పాపం కాదని సంఘం ముందుగానే, ప్రసంగ వేదిక మీదనుండే, స్పష్టంగా చెప్పాలి.

ఆ మాట ముందుగా సిద్ధంగా లేకపోతే ఏమి జరుగుతుందో వినండి. కొండ గ్రామం నుండి ఒక గర్భిణిని తీసుకువస్తారు. ఆమెకు మూర్ఛలు వస్తుంటాయి, లేదా అయిదో నెలలోనే ఉమ్మనీరు పోయి జ్వరం పట్టుకొని ఉంటుంది. పెద్దాసుపత్రికి తీసుకువెళ్లమంటాము. బరంపురమా, సరిహద్దు దాటి విశాఖపట్నమా అని ఇంటివారు తర్జనభర్జన పడతారు. తెలుగు తప్ప చదవలేని భర్త ఒడియాలో ఉన్న అంగీకార పత్రాన్ని చేత పట్టుకొని నిలబడతాడు. సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో ఒకరు పాస్టరుగారికి ఫోను చేస్తారు. ఆ ఇంటివారికి అప్పుడు ఆయన చెప్పిన జవాబే సంఘ సిద్ధాంతం. తెల్లవారేదాకా ప్రార్థనతో కనిపెట్టండి అని ఆయన ఎంత భక్తితో చెప్పినా, క్రిములు రక్తంలో చేరిన స్త్రీ తెల్లవారేదాకా ఉండకపోవచ్చు.

మన అడవి దారుల్లోనే ఇలా జరుగుతుందనుకోవద్దు. 2012 అక్టోబరులో ఐర్లండులోని గాల్వే నగర ఆసుపత్రిలో, కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు 17 వారాల గర్భం నిలవదని తేలింది. శిశువు గుండె కొట్టుకుంటున్నంతవరకు గర్భం తీయడానికి వీలులేదన్నారు. జబ్బు తీవ్రతను గుర్తించడంలోనూ ఆలస్యం జరిగింది. రక్తం విషమించి ఆమె చనిపోయింది. శిశువూ దక్కలేదు. తల్లికీ గర్భస్థ శిశువుకూ జీవించే హక్కు సమానమని ఆ దేశం 1983లో రాజ్యాంగంలో వ్రాసుకొన్నది. అందువల్ల ప్రమాదం ఎంత ముదిరితే చేయి వేయవచ్చునో వైద్యులకు తెలియలేదు. 2018లో ప్రజలు ఓటు వేసి ఆ సవరణను తొలగించారు.

ఉపదేశిగారు చూపిన భేదంలో నాకు ఒక చిక్కు కనిపిస్తున్నది. అండవాహికలో నిలిచిన పిండం ఎలాగూ బ్రతకదు. వాహికను కోసి తీసివేస్తే ధర్మమనీ, పిండం పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షనుతో వాహికను కాపాడితే అధర్మమనీ మీ పండితుల్లో కొందరు అంటారు. బిడ్డకు రవ్వంత మేలు జరగకపోయినా తల్లి మాత్రం ఒక అవయవాన్ని పోగొట్టుకోవాలి. ఇది న్యాయమని నా మనస్సాక్షి ఒప్పుకోదు. గర్భస్రావాన్ని నరహత్య అన్న తొలి శతాబ్దాల క్రైస్తవ రచయిత టెర్టుల్లియనే, శిశువు అడ్డం తిరిగి తల్లి చనిపోయే స్థితిలో వైద్యుడు ఆ శిశువును తీయడం క్రూరమైనా తప్పనిసరి అని వ్రాశాడు. ఆపరేషను చేసి ఇద్దరినీ కాపాడే దారి లేని కాలం అది. గర్భస్రావంపై మన దేశపు 1971 చట్టం కూడా, తల్లి ప్రాణం నిలపడానికి వెంటనే అవసరమైతే వారాల పరిమితి వర్తించదని 5వ సెక్షనులో చెబుతున్నది. ఈ ప్రాంతానికి సువార్త వైద్యంతో కలిసి వచ్చింది. బిస్సంకటక్‌లో 1954లో క్రైస్తవ ఆసుపత్రిని ప్రారంభించినది డెన్మార్కు వైద్యురాలే. అటువంటి చోట డాక్టరు మాటను దేవుని చిత్తానికి ఎదురు నిలబెట్టడం నాకు ఎంతో బాధ కలిగిస్తున్నది.

పర్లాకిమిడి, బాప్టిస్టు పాస్టరు:

సహోదరీ, తల్లి ప్రాణం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. పోట్లాడుకొనేవారి దెబ్బ తగిలి గర్భం పోతే జరిమానా, తల్లికి హాని కలిగితే ప్రాణానికి ప్రాణం అని నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఉన్నట్టు చాలామంది చదువుతారు. దాని అర్థంపై వాదాలున్నాయి కనుక నేను దానిమీద ఆధారపడను. నా భయం వేరు. ఒక మినహాయింపు ఇస్తే అది అక్కడితో ఆగదు. 1971లో అమెరికాలోని సదరన్ బాప్టిస్టుల మహాసభ, బలాత్కారం, శిశువుకు తీవ్ర వైకల్యం, తల్లి మానసిక ఆరోగ్యం వంటి కారణాలకు గర్భస్రావాన్ని చట్టం అనుమతించాలని తీర్మానించింది. 2003లో అదే సభ దానికి విచారం తెలిపింది. మన జిల్లాల్లో తల్లిదండ్రుల నుండి సంక్రమించే సికిల్ సెల్ రక్తపు జబ్బు ఉన్నది, గర్భంలోనే దానిని కనిపెట్టే పరీక్షలూ వచ్చాయి. ఆ జబ్బుతో పుట్టిన పిల్లలు మన సండే స్కూలులో కూర్చొని పాటలు పాడుతున్నారు. వారిలో ఎవరు పుట్టకుండా ఉండవలసిందని మనం అనగలం?

గుణుపురం నర్సు:

ఆ పిల్లల విషయంలో మీ మాటే నా మాట, పాస్టరుగారూ. నొప్పితో విలవిలలాడే రాత్రుల్లో ఆ తల్లుల పక్కన సంఘం నిలబడాలని మాత్రం అడుగుతున్నాను. కానీ బలాత్కారానికి గురై గర్భవతి అయిన పదమూడేళ్ల అమ్మాయికి మీరేమి చెబుతారు? అంత లేత శరీరానికి ప్రసవమే ప్రాణాపాయం.

బరంపురం ఉపదేశి:

2009లో బ్రెజిల్‌లోని రెసిఫేలో సవతి తండ్రి వల్ల కవలలను మోస్తున్న తొమ్మిదేళ్ల పాపకు గర్భస్రావం చేయించినప్పుడు, ఆమె తల్లికీ వైద్యులకూ సంఘం నుండి వెలి వర్తిస్తుందని అక్కడి అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) ప్రకటించారు. ముందుగా ఆ పాపను అక్కున చేర్చుకోవలసిందని రోములోనే ఒక అగ్రపీఠాధిపతి బహిరంగంగా వ్రాశారు. బోధ మారలేదని రోము ఆ తరువాత స్పష్టం చేసింది. మా సంఘ చట్టం ప్రకారం 16 ఏళ్లు నిండనివారికి శిక్ష వర్తించదు. 2016 నుండి ఈ పాపానికి క్షమాపణ ఇచ్చే అధికారం ప్రతి గురువుకూ (ఫాదరుకూ) ఉన్నది. బోధను నేను కాదనలేను, కానీ ఆ రెసిఫే ప్రకటనను నేను సమర్థించలేను.

రాయగడ పెద్ద:

జర్మనీ లూథరన్ సేవకుడు బోన్‌హోఫర్ గర్భస్రావాన్ని నరహత్యే అన్నాడు. అయినా పేదరికం, నిస్సహాయత వల్ల జరిగినచోట ఆ దోషం తరచుగా తల్లికంటే సమాజానికే చెందుతుందని కూడా వ్రాశాడు. బలాత్కార బాధితుల గురించి మన మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు, ఆ చర్చను విడిగా కొనసాగిద్దాం. ఆ తల్లికి మాత్రం ఈ ఆదివారం ఆరాధన ముగియగానే జవాబు చెబుతాను: కోడలి ప్రాణానికి ముప్పు ఉన్నదని డాక్టరు చెబితే వెంటనే సంతకం చేయండి, నాకు ఫోను తరువాత చేయండి. ఆ అంగీకార పత్రాన్ని తెలుగులో చదివి వినిపించగల ఇద్దరి ఫోను నంబర్లు సంఘ సభ్యులందరి దగ్గర ఉండేలా కమిటీలో అడుగుతాను.