రోజువారీ వాడకానికి ఎలక్ట్రిక్ కారు గిట్టుబాటవుతుందా?

ప్రశ్న:
మా పెట్రోలు కారు పాతబడింది. దాని స్థానంలో ఎలక్ట్రిక్ కారు తీసుకోవాలా, మళ్లీ పెట్రోలు కారే కొనాలా అన్నది ఎటూ తేలడం లేదు. ఆఫీసుకు రానుపోను రోజుకు 40 కిలోమీటర్ల దాకా తిరుగుడు ఉంటుంది. అప్పుడప్పుడు మాత్రం నాలుగైదు వందల కిలోమీటర్ల ప్రయాణాలు తప్పవు. ఉండేది అపార్టుమెంటులో. ఎలక్ట్రిక్ కారుకు అదనంగా పెట్టే డబ్బు ఇంధనం ఖర్చులో నిజంగా తిరిగివస్తుందా, బ్యాటరీ పాడైతే మిగిలిందంతా ఒక్కసారిగా పోతుందా అన్నవి నా సందేహాలు. వాడుతున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1:
ఈ లెక్క ఎవరికి వారు వేసుకోవలసిందే. మధ్యతరహా ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు సుమారు 16 నుంచి 18 యూనిట్లు తీసుకుంటుంది. ఛార్జింగ్‌లో పదో వంతు వరకు వృథా పోతుంది కనుక మీటరు మీద 18 నుంచి 20 యూనిట్లు తిరుగుతాయనుకోండి. అదే దూరానికి పెట్రోలు కారు ఆరు లీటర్లు తాగుతుందనుకుంటే, ఒక లీటరు చేసే పనిని మూడు యూనిట్లు లేదా అంతకు కాస్త ఎక్కువ కరెంటు చేస్తున్నట్టు. ఆ రెండింటి ధరల్లో తేడాయే మీకు మిగిలేది. దాన్నిబట్టి కిలోమీటరుకు ఎంత మిగులుతుందో చూసి, కారు ధరలోని తేడాను దానితో భాగిస్తే ఎన్ని కిలోమీటర్లు తిరిగాక గిట్టుబాటవుతుందో తెలుస్తుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ సంఖ్య 60,000 వస్తే ఐదేళ్లలో తీరిపోతుంది, నిరభ్యంతరంగా కొనండి. లక్షన్నర వస్తే, డబ్బు ఆదా కోసమే అయితే వద్దు. అయితే ఇదంతా ఇంటి మీటరు లెక్క. బయటి ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర యూనిట్ ధర చాలాచోట్ల ఇంటి ధరకు రెండు మూడు రెట్లు ఉంటుంది కాబట్టి, పూర్తిగా వాటి మీదే ఆధారపడితే ఈ మిగులు చాలావరకు ఆవిరైపోతుంది. రాత్రి మీ కారు నిలిపే చోట ప్లగ్ ఉందా లేదా అన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న, మోడల్ ఎంపిక ఆ తర్వాతే.

సమాధానం 2:
బ్యాటరీ భయం ఉండవలసినదాని కన్నా ఎక్కువగా ఉంది. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు వారంటీ ఇస్తాయి, ఆలోగా సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే బాధ్యత సాధారణంగా వారిదే. సాధారణంగా బ్యాటరీ ఒక్క రోజులో చచ్చిపోదు, ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. ఎండ వేడిలో నూరు శాతం ఛార్జింగ్‌తో రోజుల తరబడి నిలిపి ఉంచడం దానికి అన్నిటికన్నా చేటు. ఈ కార్లలో ఎక్కువగా రెండు రకాల లిథియం బ్యాటరీలు వస్తాయి. వాటిలో నికెల్ రకం బ్యాటరీని రోజూ 80 శాతం దగ్గర ఆపడం మంచిది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్నైతే అప్పుడప్పుడు పూర్తిగా నింపమని కంపెనీలే చెబుతాయి.

నిజంగా ఆలోచించవలసింది రీసేల్ విలువ. కొత్త మోడళ్లు తక్కువ ధరకు ఎక్కువ దూరం ఇస్తూ వస్తున్నందున పాతవాటి ధర త్వరగా పడిపోతోంది. మూడేళ్లకొకసారి కారు మార్చే అలవాటు ఉంటే ఆదా అంతా అక్కడే కరిగిపోతుంది. ఇంజన్ ఆయిల్ ఖర్చు ఉండదు, బ్రేకు ప్యాడ్లు చాలాకాలం మన్నుతాయి. బండి బరువు ఎక్కువ కాబట్టి టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి.

సమాధానం 3:
దూర ప్రయాణాల విషయంలో ప్రకటనల్లోని సంఖ్యను నమ్ముకోకండి. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి, అంటే వేగం రెట్టింపైతే నాలుగింతలుగా, పెరుగుతుంది కాబట్టి, ఊళ్లో 400 కిలోమీటర్లు ఇచ్చే కారు హైవే మీద గంటకు 110 వేగంతో వెళితే 300 కూడా ఇవ్వకపోవచ్చు. చలికాలంలో హీటరు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 10 నుంచి 80 శాతం ఎక్కడానికి సుమారు అరగంట పడుతుంది, ఆపైన మిగిలిన 20 శాతం నత్తనడక. అందుకే 80 దగ్గరే బయలుదేరాలి. అనుకున్న ఛార్జరు పనిచేయకపోతే చేరుకోగల మరోచోటును ముందే చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మా పార్కింగ్‌లో మామూలు ప్లగ్ పెట్టించుకునే అవకాశం ఉంది. అది సరిపోతుందా?

సమాధానం 1:
మీ అవసరానికి ధారాళంగా సరిపోతుంది. 230 వోల్టుల, 16 ఆంపియర్ల మామూలు ప్లగ్ నుంచి రెండున్నర కిలోవాట్లు తీసుకున్నా, 40 కిలోమీటర్లకు కావలసిన ఎనిమిది యూనిట్లు మూడున్నర గంటల్లోపే ఎక్కుతాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు, గంటల తరబడి అంత లోడు తీసుకుంటే వేడెక్కి కరిగిపోతుంది. మీ మీటరు నుంచే విడిగా వైరు లాగించి, దానికి ప్రత్యేకంగా బ్రేకరు, సరైన ఎర్తింగ్ పెట్టించండి. అసోసియేషన్ అనుమతిని రాతపూర్వకంగా తీసుకున్నాకే కారుకు అడ్వాన్సు ఇవ్వండి.